“పాలే ఇస్తన్నా అక్కా”: మొదటి ఏడాది బిడ్డ ఏం తింటోందో తెలుసుకోవడం ఎందుకంత కష్టం?

ఇవాళ టాపిక్ కొంచెం డిఫరెంట్. ఫోన్ రివ్యూ లేదు, ఏఐ లేదు. పుట్టినప్పటి నుంచి మొదటి బర్త్‌డే దాకా బిడ్డకి అమ్మ ఏం పెడుతుంది, ఎలా పెడుతుంది, ఎవరు పెడతారు... ఈ సంగతిని రీసెర్చ్ చేసేవాళ్ళు ఎలా కనుక్కుంటారు అనేది ఇవాళ్టి మాట. “పెళ్ళే కాలేదు, మాకెందుకు బ్రో” అని స్కిప్ చేసేయొద్దు. మీ అక్కకో వదినకో ఈపాటికి పాప పుట్టే ఉంటుంది. ఆ పాప ముందు ఫోన్ పెట్టి రైమ్స్ ప్లే చేసేది మీరే అయ్యుంటారు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి కోడ్ రాసినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే మొదలుపెడతా.

సాఫ్ట్‌వేర్‌లో మాకొక అలవాటు ఉంది. యూజర్‌ని అడిగితే ఒకటి చెప్తాడు, లాగ్స్ తీస్తే ఇంకొకటి కనిపిస్తుంది. అతను అబద్ధం చెప్పాడని కాదు. మన ప్రశ్న అతనికి ఒకలా అర్థమైంది, మనం అనుకున్నది వేరే. పసిపిల్లల తిండి రీసెర్చ్‌లో కూడా అచ్చం ఇదే తలనొప్పి.

మన నెల్లూరు తీరంలో ఒక ఇల్లు ఊహించుకోండి. మైపాడు వైపో, ఇస్కపల్లి వైపో, ఏదో ఒక పట్టపుపాలెం. పాపకి నాలుగో నెల. మే నెల ఎండ, ఉప్పు గాలి, ఒళ్ళంతా జిడ్డు. సర్వే చేసే ఆమె వచ్చి అడుగుతుంది, “ఏమ్మా, పాపకి పాలు కాకుండా ఇంకేమన్నా ఇస్తన్నావా?” అమ్మ అంటుంది, “లేదక్కా, పాలే ఇస్తన్నా.” వెనక నుంచి అత్త అందుకుంటుంది, “ఏమీ ఇయ్యం మ్మా. ఊరికే ఎండకి నాలుక తడిపేదానికి రెండు చెంచాల నీళ్ళు. పొద్దున కాస్త వస అరగదీసి నాకిస్తాం. అంతే.”

అమ్మ అబద్ధం చెప్పిందా? లేదు కదా. ఆమె లెక్కలో నీళ్ళు తిండి కాదు, వస తిండి కాదు. రీసెర్చ్ డెఫినిషన్‌లో మాత్రం ఆ రెండూ లెక్కకొస్తాయి. “కేవలం తల్లిపాలు” అంటే నీళ్ళు కూడా ఉండకూడదు. డాక్టర్ రాసిన మందు, విటమిన్ చుక్కలు, ఓఆర్‌ఎస్ వరకే మినహాయింపు. అందుకే మంచి సర్వేలో “ఇంకేమన్నా ఇచ్చారా” అని గంపగుత్తగా అడగరు. నీళ్ళు ఇచ్చారా, తేనె నాకించారా, గ్రైప్ వాటర్ పోశారా, ఆవుపాలు ఇచ్చారా, జావ ఇచ్చారా అని పేరుపేరునా అడుగుతారు. అది కూడా “మామూలుగా ఇస్తారా” అని కాదు, “నిన్న పగలు, నిన్న రాత్రి ఇచ్చారా” అని. మామూలుగా అని అడిగితే మనిషి మంచి జవాబు వెతుక్కుంటాడు. నిన్న అంటే కాస్త నిజం గుర్తొస్తుంది.

(తేనె మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఏడాది లోపు బిడ్డకి తేనె వద్దు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు అందులో ఉండొచ్చు. మనకి ఏమీ కాదు, పసిపేగుల్లో మాత్రం అవి పెరుగుతాయి. నీళ్ళ సంగతి కూడా అంతే, తల్లిపాలలోనే దాదాపు 87 శాతం నీళ్ళు. ఎండాకాలం ఇంకో రెండుసార్లు పాలిస్తే చాలు.)

ఇప్పుడు మీరు న్యూస్‌లో చూసే నంబర్ తీసుకోండి. 2019-21లో జరిగిన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, అంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో 63.7 శాతం మందికి కేవలం తల్లిపాలే అందుతున్నాయి. చాలామంది దీన్ని “63.7 శాతం పిల్లలు ఆరు నెలలూ తల్లిపాల మీదే ఉన్నారు” అని చదువుతారు. తప్పు. అది స్నాప్‌షాట్. ఐదు రోజుల బిడ్డ, ఐదున్నర నెలల బిడ్డ ఇద్దరూ ఆ లెక్కలోనే ఉన్నారు, అడిగింది నిన్నటి ఒక్క రోజు గురించి. నెలలు పెరిగేకొద్దీ శాతం పడిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది డైలీ యాక్టివ్ యూజర్స్ లెక్క, ఆరు నెలల రిటెన్షన్ కాదు.

ఇంకో చిక్కు. అడుగుతున్నది ఎవరిని? అమ్మని. మరి పెడుతున్నది ఎవరు? తీరం ఊళ్ళలో చేపలమ్మే ఆడవాళ్ళు తెల్లారకముందే గంప ఎత్తుకుని పడవలు వచ్చే చోటికి పోవాలి. యానాది కుటుంబాల్లో అమ్మ పీతలకో, నాట్లకో, రొయ్యల గుంటల పనికో పోతుంది. ఆ నాలుగైదు గంటలూ బిడ్డ అవ్వ ఒళ్ళోనో, పదేళ్ళ అక్క చంకలోనో ఉంటుంది. అప్పుడు నోట్లో పడిన బిస్కెట్ ముక్క, టీలో ముంచిన బన్ను అమ్మకి తెలియదు. తెలియనిది ఆమె చెప్పదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లో ఇంటి ఆదాయం వేరు, అమ్మ ఇంట్లో ఉండే టైమ్ వేరు. మే నెలలో సర్వే చేసి అదే ఏడాది మొత్తం పరిస్థితి అనుకుంటే ఎంత తప్పు! సముద్రం పక్కన ఎప్పుడు అడిగావన్నది కూడా డేటాలో భాగమే.

మూడో చిక్కు, అడిగే మనిషి. పోయిన నెల ఇంటికొచ్చి “ఆరు నెలలు పాలే ఇవ్వాలమ్మా” అని చెప్పిన కార్యకర్తే ఈ నెల పుస్తకం పట్టుకుని “ఏం ఇస్తున్నావ్?” అంటే ఏ అమ్మైనా ఏం చెప్తుంది? పరీక్ష పెట్టిన టీచర్‌కి చెప్పినట్టే చెప్తుంది.

సరే, మరి లాగ్స్ లేవా? ఉన్నాయి, భలే ఇంట్రెస్టింగ్‌గా ఉంటాయి. పాత పద్ధతి తూకం. పాలిచ్చే ముందు బిడ్డని తూచి, ఇచ్చాక మళ్ళీ తూచాలి. తేడా ఎంతో అన్ని పాలు. వినడానికి సింపుల్. రోజంతా, రాత్రి రెండు గంటలకి కూడా, ప్రతి ఫీడ్‌కీ చేయాలి. ఏ తల్లి పడుతుంది ఆ బాధ!

కొత్త పద్ధతి భారజలం. మన మణుగూరులో ప్లాంట్ ఉంది చూడండి, ఆ భారజలమే. మామూలు నీళ్ళలో హైడ్రోజన్ ఉండేచోట దాని బరువైన అన్న డ్యుటీరియం ఉంటుంది. రేడియేషన్ ఏమీ ఉండదు. తల్లికి కొద్ది గ్రాములు తాగిస్తారు. అది ఆమె ఒంట్లో నీళ్ళతో కలిసి, పాల ద్వారా బిడ్డకి చేరుతుంది. రెండు వారాల పాటు మధ్యమధ్యలో ఇద్దరి లాలాజలం దూదితో తీసి కొలుస్తారు. బిడ్డ ఒంట్లో డ్యుటీరియం ఎంత ఎక్కింది, ఎంత త్వరగా పలచబడింది అనేదాన్ని బట్టి రోజుకి ఎన్ని పాలు తాగిందో లెక్కకడతారు. ఇంకో విశేషం, బయటి నీళ్ళు ఎన్ని తాగిందో కూడా తెలిసిపోతుంది! అత్త రెండు చెంచాలన్నది నిజంగా రెండేనా అన్నది బయటపడుతుంది. ఇలా కొలిచిన చోట్ల తల్లులు చెప్పిన “కేవలం పాలే” శాతం కంటే అసలు శాతం తక్కువే వస్తోంది.

ఇక “పాలు చాలట్లేదు” అనే భయం. మన ఇళ్ళలో డబ్బాపాలు మొదలయ్యేది చాలావరకు ఈ మాటతోనే. దీని మీద గట్టి పని చేసిన మనిషి డాక్టర్ సి. గోపాలన్. కూనూరులో ఉన్న న్యూట్రిషన్ లాబొరేటరీ 1958లో హైదరాబాద్‌కి మారింది. అదే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్. సరిగ్గా తిండిలేని పేద తల్లుల మీద ఆయన చేసిన పరిశీలనల్లో తేలింది ఏంటంటే, వాళ్ళకి కూడా రోజుకి 400 నుంచి 600 మిల్లీలీటర్ల దాకా పాలు వస్తున్నాయి. మాంసకృత్తులు కూడా పెద్దగా తగ్గట్లేదు. తల్లి ఒళ్ళు కరిగి పాలవుతోంది. అంటే “పాలు వస్తున్నాయి కదా” అని ఊరుకోవడానికి లేదు, ఆ బిల్లు తల్లి కడుతోంది.

కానీ తల్లి ఒళ్ళు కూడా అన్నిటినీ సర్దలేదు. ఇక్కడే మన కోస్తా చరిత్రలో భయంకరమైన చాప్టర్ ఒకటుంది. మన స్కూల్ బుక్స్‌లో “బి1 లోపం వల్ల బెరిబెరి” అని ఒక లైన్ చదివి మార్కులు తెచ్చుకున్నాం. అది ఎక్కడో జపాన్ జబ్బు కాదు. మనకి ఉత్తరాన ఉన్న సర్కారు జిల్లాలు ఒకప్పుడు మన దేశంలో బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. ఆ రోజుల్లో కూనూరు లాబొరేటరీ డైరెక్టర్ ఆక్రాయిడ్, కృష్ణన్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1941లో మద్రాసు ప్రెసిడెన్సీ బెరిబెరి ప్రాంతంలోని పసిపిల్లల మరణాల మీద పరిశోధన ప్రచురించారు.

ఎలా జరుగుతుందంటే, మిల్లులో బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో బి1 దాదాపు పోతుంది, అది తవుడులో వెళ్ళిపోతుంది. మిగిలిన కాస్తా నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చేస్తే పోయె. ఉప్పుడు బియ్యంలో ఈ సమస్య తక్కువ, వడ్లు ఉడికేటప్పుడే విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తెల్లన్నం మీదే ఉన్న తల్లికి పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. కాళ్ళు తిమ్మిర్లు, నీరసం, అంతే. ఆమె పాలలో మాత్రం బి1 చాలా తక్కువగా ఉంటుంది. పాలు చూడటానికి తెల్లగా, నిండుగానే ఉంటాయి, బిడ్డ కూడా బొద్దుగానే ఉండొచ్చు. రెండు మూడు నెలల వయసులో ఒకరోజు ఉన్నట్టుండి ఏడుపు బొంగురుపోతుంది, ఒక్కోసారి గొంతే రాదు. ఆయాసం, గుండె పెద్దదవడం, కొన్ని గంటల్లో ప్రాణం పోవడం. తల్లిపాలు తాగుతున్న బిడ్డ ఎందుకు పోయిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. టైమ్‌కి థయమిన్ ఇంజక్షన్ పడితే అదే బిడ్డ గంటల్లో తేరుకుంటుంది.

పాత కథ కదా అనుకుంటున్నారా? కాదు. కర్ణాటకలో పుత్తూరు వైపు, అటు కాశ్మీర్‌లో ఈమధ్య సంవత్సరాల్లోనే డాక్టర్లు ఇలాంటి పసిపిల్లల్ని చూసి, థయమిన్ ఇచ్చి బతికించి, కేసులు ప్రచురించారు. అక్కడ తల్లులు ఏం తింటున్నారని అడిగితే వచ్చిన జవాబు మనకి బాగా తెలిసిందే. పాలిష్ బియ్యం, బాలింత పథ్యం.

మన పథ్యం గుర్తు చేసుకోండి. పాతబియ్యం అన్నం, ధనియాల కారం, వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు వద్దు గ్యాస్, ఆకుకూర వద్దు బిడ్డకి విరేచనాలు, గుడ్డు వద్దు వేడి, పెరుగు వద్దు జలుబు, నీళ్ళు ఎక్కువ తాగొద్దు పొట్ట వస్తుంది. కొన్ని ఇళ్ళలో ఇది పదకొండు రోజులు, కొన్ని ఇళ్ళలో మూడు నెలలు. నేను పథ్యం మొత్తం మూఢనమ్మకం అనడం లేదు. మన తీరంలోనే చూడండి, బాలింతకి పాలసొర పుట్టు చేసి పెడతారు, పాలు పడతాయని. పాలు పడే సంగతి ఎలా ఉన్నా, ఆ ప్లేట్‌లో మంచి మాంసకృత్తులు ఉన్నాయి కదా! మునగాకు పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. పెద్దవాళ్ళ దగ్గర రెండు రకాల లిస్టులు ఉంటాయి, పెట్టాల్సినవి, పెట్టకూడనివి. మొదటి లిస్టు ఉంచుకుని రెండో లిస్టు గురించి డాక్టర్‌తో మాట్లాడమనే నేను అనేది. నాకు అనిపించేది ఇంకోటి ఏంటంటే, “బిడ్డకి ఏం పెడుతున్నావ్” అని పేజీలకి పేజీలు అడిగే సర్వేలు “నువ్వేం తిన్నావమ్మా” అని ఇంకాస్త గట్టిగా అడగాలి.

రెండు మూడు నెలల పాపకి ఏడుపు బొంగురుపోయి ఆయాసం వస్తే దిష్టి తీస్తూ కూర్చోకండి, పెద్దాసుపత్రికి పరిగెత్తండి. అమ్మ పథ్యంలో ఉందన్న విషయం డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పుడు ఆరు నెలలు దాటిన తర్వాత. ఇక్కడ మన నంబర్లు నిజంగా సిగ్గుపడేలా ఉన్నాయి. అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవాళ్ళు దేశం మొత్తం మీద 11.3 శాతం. పాలు తాగే బిడ్డకైతే నాలుగు రకాల తిండి, వయసుకి తగ్గట్టు రోజుకి ఇన్నిసార్లు, ఇదీ కొలత. పెద్ద కోరికేం కాదు. అన్నం, పప్పు, గుడ్డు, గుమ్మడికాయ ముక్క, అయిపోయె నాలుగు! మనవాళ్ళు చేసేది ఏంటంటే పప్పుకట్టు నీళ్ళు, పలచటి జావ. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది ఇంచుమించు 240 మిల్లీలీటర్లు. అందులో నీళ్ళే నింపితే బలం ఎక్కడ పడుతుంది? చెంచా వంచితే జారిపోకుండా ఉండాలి ముద్ద. ముల్లు తీసిన చేప ఆరు నెలలు దాటాక మెత్తగా చిదిమి పెట్టొచ్చు. రోజూ చేప అమ్మే ఇంట్లో బిడ్డ గిన్నెలో చేప పడుతోందా లేదా అన్నది మన తీరంలో ఎవరైనా కూర్చుని లెక్కతీయాల్సిన సంగతి.

సరే, చెప్తే మారతారా? దీన్ని ఊరికే అనుకోకుండా నిజంగా టెస్ట్ చేశారు, అదీ మన తెలుగు పల్లెల్లో. నాకు ఈ టాపిక్ మొత్తంలో బాగా నచ్చిన స్టడీ ఇదే. నల్గొండ జిల్లా, అప్పటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఎన్‌ఐఎన్‌కి చెందిన షహనాజ్ వజీర్, అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీకి చెందిన మార్గరెట్ బెంట్లీ, ఇంకా చాలామంది కలిసి చేశారు. 60 ఊళ్ళు, 600 మంది తల్లీబిడ్డల జంటలు. ఊళ్ళని లాటరీ తీసినట్టు ఇరవై చొప్పున మూడు గ్రూపులు చేశారు. మనం ఏ/బి టెస్టింగ్ అంటాం కదా, ఇది ఏ/బి/సి.

మొదటి గ్రూపుకి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో గ్రూపుకి వాటితోపాటు ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనే 11 సందేశాలు. మూడో గ్రూపుకి ఆ పదకొండూ ఇచ్చి, పైన ఎలా పెట్టాలి అనేదాని మీద ఇంకో 8, బిడ్డతో ఎలా ఆడాలి అనేదాని మీద మరో 8, ఐదు సింపుల్ బొమ్మలు. చెప్పింది డాక్టర్లు కాదు, ట్రైనింగ్ ఇచ్చిన ఊరి ఆడవాళ్ళే. బిడ్డకి మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఇంటింటికీ పోయారు. డబ్బు ఇవ్వలేదు, ప్యాకెట్ ఇవ్వలేదు. మాటలే.

రిజల్ట్ చూడండి. రెండు, మూడు గ్రూపుల్లోనూ పిల్లల తిండి మెరుగుపడింది, శక్తి, మాంసకృత్తులు, ఐరన్, జింక్ అన్నీ. వయసుకి తగ్గ ఎత్తు లేకపోవడం రెండో గ్రూపులో తగ్గింది. మూడో గ్రూపులో ఆ తేడా కనపడలేదు. కానీ బుద్ధి వికాసం కొలిచే బేలీ స్కోరు మూడో గ్రూపులోనే పెరిగింది, సగటున 3.1 పాయింట్లు. రెండో గ్రూపులో పెరగలేదు!

నేను ఇది చదివి కాసేపు ఆగిపోయా. మూడో గ్రూపుకి అన్నీ ఇచ్చారు కదా, అన్నీ పెరగాలి కదా? పెరగలేదు. నా అంచనా ఏంటంటే, 27 సందేశాలు ఒక తల్లికి ఎక్కువైపోయి ఉంటాయి, అటెన్షన్ అనేది లిమిటెడ్ రిసోర్స్. అది నా ఊహ మాత్రమే. కానీ ఒకటి మాత్రం స్టడీలోనే ఉంది, ఏం పెట్టామన్నది ఒక పని చేస్తే, ఎలా పెట్టామన్నది వేరే పని చేస్తోంది.

ఎలా పెట్టడం అంటే? బిడ్డ నోరు తెరిచేదాకా ఆగడం. మొహం తిప్పుకుంటే ఆపడం. కళ్ళలోకి చూసి మాట్లాడటం. ముక్కు మూసి పోయకపోవడం. కిందామీదా పోసుకున్నా సరే, చేత్తో ముట్టుకోనివ్వడం. మన గోరుముద్దలు, వెన్నెల్లో ఎత్తుకుని చందమామని చూపించడం ఇదే కదా అంటారు. అవును, దాదాపు ఇదే. చందమామకీ ఫోన్‌కీ తేడా ఒకటుంది. చందమామని చూపించేటప్పుడు అమ్మ బిడ్డ మొహం చూస్తుంది, బిడ్డ అమ్మ వేలు చూస్తుంది. ఫోన్ పెడితే బిడ్డ స్క్రీన్ చూస్తుంది, తెరిచిన నోట్లో మనం ముద్ద పెడుతుంటాం. చాలన్నా వినేవాళ్ళు లేరు, ఎందుకంటే చాలు అనే సంగతి బిడ్డకే తెలియట్లేదు. ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2019లోనే చెప్పింది. వీడియోలు చేసి బతికే నేను ఇది చెప్పడం మీకు కామెడీగా ఉండొచ్చు, ఉండనీండి.

చివరగా చట్టం గురించి ఒక మాట, ఎందుకంటే ఇది మన రీల్స్ బ్యాచ్‌కి తెలియాలి. రెండేళ్ళ లోపు పిల్లల డబ్బాపాలు, పాలసీసాలు, డబ్బా ఫుడ్స్‌కి మన దేశంలో ప్రకటనలు నిషేధం. 1992 చట్టం, 2003లో ఇంకా బిగించారు. ప్రకటన అంటే ఏంటో రాసిన తీరు చూస్తే నవ్వొస్తుంది, వెలుతురుతో, శబ్దంతో, పొగతో, గ్యాస్‌తో చేసినా ప్రకటనే అట. 2003లో ఎలక్ట్రానిక్, ఆడియో, వీడియో ప్రసారాలు కూడా చేర్చారు. అవసరమైన బిడ్డకి డాక్టర్ చెప్తే డబ్బాపాలు ఇవ్వడం వేరు. మన రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 నాటికే 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆ మొదటి గంటలో, ముర్రుపాలు పట్టాల్సిన టైమ్‌లో తల్లి మత్తులో, కుట్ల నొప్పిలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే సీసా ఎంటరవుతుంది. బిడ్డని రొమ్ముకి పట్టించడానికి పక్కన ఒక మనిషి సాయం ఉంటే చాలా మంది ఇవ్వగలరు. ఆ మనిషి నర్సు కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, భర్త కూడా కావచ్చు, ఏం పోయింది!

డబ్బా ఫుడ్ లేబుల్ మీద చక్కెరని ఎన్ని పేర్లతో రాస్తారో నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఒక్కొక్కటీ తీసి చదువుదాం. ఇంట్లో డబ్బా ఉంటే పక్కన పెట్టుకుని రండి.